పోగు అతికే వేళ్ళు

పెండ్లాం జమ్ములమ్మకు అన్న అయిన వెంకట్రాములు తనను పనిదొంగ అన్నాడు. వాడకట్టు వింటుండగా అన్నాడు. ఈరన్న ఏది మరిచినా ఆ మాట మరవడు.

గద్వాల వాడల్లో వెంకట్రాములు మగ్గాలు ఎన్నున్నాయో అతనికే సరిగ్గా గుర్తుండదు గానీ, ఏ మగ్గం ఏ పూట ఆగిందో మాత్రం ఇంట్లో కూర్చునే పసిగడతాడు. అమావాస్యకు ముందు రోజు పొద్దున్నే వెంకట్రాములు వచ్చి ఈరన్న గడపలో చెప్పులు విడిచాడు. ఈరన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఎడమ వైపు జమ్ములమ్మ. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. పేక పోగు మోసే నాడె అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదాంట్లో ఒకటి తగిలించి బిగించాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు, అందుకే పక్కన మరో మనిషి ఉండాలి. ఈ ఇంట్లో మొదట్నించీ ఆ మనిషి జమ్ములమ్మే.

"ఏంది బావా, పోయిన అమావాస్య తెల్లారి ఎక్కిచ్చిన పడుగు. ఇంక సగం గూడ దిగలే."

"చేతులు లేస్తలేవు బావా."

"చేతులు లేస్తలేవా," అన్నాడు వెంకట్రాములు, ఎవరో ధర చెబితే తిరిగి అన్నట్టు.

వంగి పట్టు అంచులో ఒక పోగు గోటితో తెంపాడు. "అతుకు."

ఆ వాడలో మనిషి ఒంట్లో సత్తువ ఉందో లేదో చూసేందుకు తాతల నాటి నుంచీ ఇదే పరీక్ష. పెద్దవాడైన నేతగాడికి ముందుగా మొండికేసేది వేళ్ళే. పోగు జారిందంటే మగ్గం దిగే కాలం వచ్చిందని అర్థం. వేళ్ళు ఆడుతున్నన్నాళ్ళూ మనిషి బాగున్నట్టే. ఈ లెక్క తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు, ఈరన్నతో సహా.

ఈరన్న డబ్బీ మూతలోని బూడిదలో బొటనవేలు అద్దాడు. తెగిన కొసలు రెండూ కలిపి చూపుడువేలి మీద ఒక్కసారి దొర్లించాడు. పోగు అతికింది. అతుకు ఎక్కడుందో వెతికితే కనబడదు.

వెంకట్రాములు నడుం ఎత్తి గడప వైపు తిరిగాడు. ఎదురింటి శాంతమ్మ కండెలు చుట్టడం ఆపి చూస్తోంది. ఆమె వెనక మరో ఇద్దరు.

"సూసిండ్రా? ఇది పట్టు పోగు. నా కండ్లకే ఆనదు. చేతులు పోయినోడు అతికినట్టున్నదా ఇది?"

"ముద్ద కాడికి లేస్తయి కావచ్చు చేతులు," అంది శాంతమ్మ.

నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే వెంకట్రాములు ఆ మాట అన్నాడు. "పనిదొంగ."

"అన్నా, జర సోయిల ఉండి మాట్లాడు," అంది జమ్ములమ్మ.

"సోయిల ఉండే మాట్లాడుతున్న చెల్లే. రేపు అమావాస్య, మగ్గాలకు ఎట్లయినా సెలవే. వనపర్తి పోదం. నేను గూడ వస్త. నీకేం రోగం లేదని డాక్టరమ్మ నా ముంగట చెప్పిందనుకో, ఎల్లుండి కెల్లి ఈ మగ్గం మీద శివ కూసుంటడు. వానికి పెండ్లాం పిల్లలున్నరు, మగ్గం లేదు."

మగ్గం వెంకట్రాములుది. శివ మంచి పనివాడే. న్యాయంగా మాట్లాడినట్టే ఉంటుంది వెంకట్రాములు ఎప్పుడు మాట్లాడినా. అదే మంట.

లేచి నిలబడి మొహంలో మొహం పెట్టి జవాబు చెప్పాలనుకున్నాడు ఈరన్న. లేవాలి కదా. గుంత అంచున అరచేతులు ఆనించి ఊపిరి బిగబట్టాడు. తొడలు కదల్లేదు. కిందనుంచి పైకి చూస్తూ కూర్చున్నాడు, బావ చెప్పులు తొడుక్కుని పోయేదాకా.

ఎండ గోడ దిగి, వాకిళ్ళలో మనుషులు పలచబడ్డాక జమ్ములమ్మ తలుపు దగ్గరకు వేసింది. పాత చీర తాడులా మెలేసి అతని చంకల కింద నుంచి తీసింది. దూలానికి కట్టిన తాడు ఇంతకుముందు సరిపోయేది. ఇప్పుడు తాడు పట్టుకుని లాక్కునే సత్తువ చేతుల్లో లేదు. ఆమె గోడకు కాలు తన్నిపెట్టి లాగింది. బావిలోంచి నిండు బిందె చేదినట్టు అతను పైకి వచ్చాడు. ఈ తతంగం వాడకట్టుకు తెలియదు. తల దువ్వేది ఆమేనని తెలియదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయనీ తెలియదు. మగాడి పరువని ఆమె దాచింది. ఆ దాచిందే ఇప్పుడు అతనికి ఎదురు సాక్ష్యం అయింది.

"నిజంగనే నాకేం లేదేమోనే," అన్నాడు ఈరన్న గోడకు ఆనుకుని. "వేళ్ళు మంచిగనే ఉన్నయి కదా. ఒళ్ళు బద్ధకం చేసిందేమో."

"బద్ధకమైనోడు ముక్కులకెల్లి నీళ్ళు తాగుతడా," అంది ఆమె చీర మడత పెడుతూ.

పేదవాడి రోగానికి పేరు దొరికేదాకా అది బద్ధకమే.

*

బస్టాండులో వెంకట్రాములు ఇస్త్రీ చొక్కా జేబులో కొత్త సెల్‌ఫోను పైకి కనిపించేలా పెట్టుకుని నిలబడ్డాడు. వనపర్తి బస్సు వచ్చింది. ఈరన్న కమ్మీ పట్టుకుని కుడికాలు మెట్టు మీద పెట్టాడు. కాలు ఎక్కింది గానీ మనిషి ఎక్కలేదు.

"జల్ది ఎక్కు పెద్దమనిషీ. బస్సు నీ ఒక్కనికోసమే పెట్టలే," అన్నాడు కండక్టరు.

వెంకట్రాములు వెనక నుంచి నడుం పట్టి తోశాడు. "తాగి నిషల ఉన్నోడు గూడ ఇంతకంటె మంచిగ ఎక్కుతడు," అన్నాడు చెవి దగ్గర.

ఈరన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి బస్సులో అందరి చేతులూ జేబుల్లోకి, కొంగు ముళ్ళల్లోకి పోయాయి. కృష్ణమ్మ దాటేటప్పుడు రూపాయి బిళ్ళ వేయనివాడు ఆ దారిలో ఉండడు. ఈరన్నా తీశాడు. చెయ్యి కిటికీ చువ్వ దాకా లేవాలి. సగం లేచి ఆగింది. రెండో చేత్తో మోచెయ్యి కింద నుంచి ఎత్తబోయాడు. బిళ్ళ జారి కాళ్ళ మధ్య పడి దొర్లింది. వంతెన అయిపోవస్తోంది.

వెంకట్రాములు చూశాడు. వెనక సీటు లోంచి వంగి బిళ్ళ తీశాడు. ఈరన్న భుజం మీదుగా చెయ్యి చాపి నీళ్ళలోకి విసిరాడు. దండం మాత్రం పెట్టలేదు, అది ఈరన్న పెట్టాల్సింది కాబట్టి కావచ్చు. ఆ తర్వాత వనపర్తి దాకా ఆ చేతి వైపే చూస్తూ వచ్చాడు.

డాక్టరు పద్మజ ఆస్పత్రి మార్కెట్టు వెనక సందులో. చిన్న వయసు మనిషి. ఎదుటి వాళ్ళు మాట్లాడుతుంటే రాయడం ఆపి వినే అలవాటుంది. చూపించడానికి సాక్ష్యం పట్టుకొచ్చానన్నట్టు వెంకట్రాములే ముందుకు జరిగాడు.

"అమ్మా, మీకు ఎక్కువ టైం పట్టది. ఒక్కటి చూపిస్త, మీకే సమజైతది." జేబులోంచి పట్టు పోగు తీసి తెంపి ఈరన్న ఒళ్ళో పడేశాడు. "అతుకు బావా."

ఇక్కడ బూడిద లేదు. ఈరన్న నాలుక మీద వేలు తడి చేసుకుని అతికాడు. డాక్టరమ్మ పోగును వెలుతురుకు పట్టి చూసింది. వేలితో లాగి చూసింది.

"మళ్ళీ చేయండి."

మళ్ళీ చేశాడు.

"సూసిండ్రా అమ్మా. గిట్ల చేసేటోడు చేతులు లేస్తలేవంటడు."

ఆమె కుర్చీ ఈరన్న వైపు జరుపుకుంది. "ఇప్పుడు ఆ చేతులే తల మీద పెట్టుకోండి," అంది ఈరన్నతో.

గడ్డం దాకా వచ్చి ఆగాయి.

"చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి. దేన్నీ పట్టుకోకూడదు."

ఈరన్న చేతులు కట్టుకున్నాడు. ముందుకు వంగాడు, వెనక్కి ఊగాడు, మళ్ళీ వంగాడు. మెడ నరాలు తేలాయి. పిరుదులు కుర్చీ వదల్లేదు. వెంకట్రాములు తెలియకుండానే చెయ్యి అందించబోయాడు.

"మీరు పట్టుకోకండి," అంది డాక్టరమ్మ.

ఆ చెయ్యి గాల్లో అట్లాగే ఉండిపోయింది కాసేపు.

"తాగేటప్పుడు పొలమారుతోందా?"

"ముక్కులకెల్లి వస్తయమ్మా నీళ్ళు," అంది జమ్ములమ్మ. "అన్నం ముద్ద చిన్న చిన్నగ చేసి పెడుత. గుంతల కెల్లి నేనే లాగుత. తల నేనే దువ్వుత."

వెంకట్రాములు చెల్లెలి వైపు తిరిగాడు. ఆమె అతన్ని చూడలేదు.

డాక్టరమ్మ రక్తం తీయించింది. మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచింది. వెంకట్రాములునే కూర్చోమంది.

"మీరు చూపించిన ఆ పోగే నాకు దారి చూపింది. నరాలు దెబ్బతింటే చాలాసార్లు ముందు వేళ్ళూ పాదాలూ పోతాయి. ఈయనకు వేళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. భుజాలు, తొడలు పోయాయి. అంటే రోగం నరంలో లేదు, కండలో ఉంది. కండ చిట్లితే బయటికి వచ్చే పదార్థం ఒకటి ఉంది, అది ఈయన రక్తంలో ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది."

"అంటే... యాక్టింగు కాదా అమ్మా?"

"నటించేవాళ్ళు మొహం మార్చుకోగలరు గానీ రక్తం మార్చుకోలేరు."

వెంకట్రాములు జేబులో చెయ్యి పెట్టి మిగిలిన పోగును వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈరన్నకు ఏడుపు వచ్చింది. రోగం ఉందని తెలిస్తే ఎవరైనా భయపడతారు. అతనికి మాత్రం గుండెల మీది రాయి ఎవరో దించినట్టయింది. తను దొంగ కాదు. అది చాలు ముందు.

"కండ ముక్క కొద్దిగా తీసి చూడాలి. హైదరాబాదు పెద్దాసుపత్రికి రాసిస్తాను. అది తేలితే మందు ఉంది, నెలల తరబడి వాడాలి. ఆలస్యం చేస్తే పోయిన కండ తిరిగి రాదు," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో ఎక్కేటప్పుడు వెంకట్రాములు నడుం పట్టి ఎత్తాడు. ఈసారి చెవిలో ఏమీ అనలేదు. పెబ్బేరు దాటాక గొంతు సవరించుకున్నాడు.

"పట్నం ఖర్చు నేను చూస్త బావా."

"నీ పైసల్ నాకొద్దు. పనిదొంగకు ఎందుకు పెడ్తవు?"

"నోరు జారింది."

"వాడకట్టు ముంగట జారింది. బస్సుల జారితే ఏరుకుందుము."

జమ్ములమ్మ ఇద్దరి మధ్య నుంచి కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ధరూరు దారిలో ఈరన్నకు తండ్రి ఇచ్చిన మెట్టచేను ఉంది. పక్క చేను అబ్రహాం దాన్ని అమ్మమని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాడు. ఇంటికి చేరగానే ఈరన్న అతనికి కబురు పెట్టాడు. పంతంతో అమ్ముకున్నాడని ఊరంతా అంది. ఊరు అప్పుడప్పుడూ నిజమే చెబుతుంది.

*

పట్నానికి ఎవరూ పిలవకుండానే వెంకట్రాములు వచ్చాడు. స్ట్రెచర్ ఖాళీ లేకపోతే వరండా పొడవునా ఈరన్నను వీపున వేసుకుని మోశాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. వీపు మీద ఉండి, మోసేవాడితో తగాదా నడపడం కష్టం గానీ, ఈరన్న నడిపాడు.

తొడలోంచి కందిగింజంత కండ తీశారు. దాన్ని పరీక్షించే గదిలో దినేష్ అని కుర్ర డాక్టరు ఉన్నాడు. నేతగాళ్ళని తెలిసి ముచ్చటపడి, వాళ్ళమ్మకు గద్వాల చీర ఉందని చెప్పాడు. జమ్ములమ్మ తన భర్తకు ఏమైందో చూపించమని అడిగింది. చెప్పమని కాదు, చూపించమని.

సూక్ష్మదర్శినికి ఈరన్న కన్ను ఆనించాడు. మెడ నిలవలేదు, వెంకట్రాములు వెనక నుంచి తల పట్టాడు.

"గులాబీ రంగు గుండ్రాలు కనిపిస్తున్నాయా? అవి మీ కండ పోగులు. కట్ట కట్టిన నూలును అడ్డంగా కోసి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా."

"కనపడ్తున్నయి. నడుమ ఊదా చుక్కలేంది సారు? చీమలు పట్టినట్టు."

"అవే. అవి తెల్లకణాలు. ఒంటికి కాపలా. బయట నుంచి క్రిమి వస్తే పట్టుకుని చంపడం వాటి పని."

"మరి కండల క్రిమి ఉన్నదా?"

"ఏమీ లేదు. మీ కండనే పరాయిది అనుకున్నాయి. ఎడమ పక్కన చూడండి, ఆ పోగు ఇంకా చావలేదు, బాగానే ఉంది. అయినా దాని చుట్టూ మూగి, లోపలికి దూరి, తొలుస్తున్నాయి."

ఈరన్న చాలాసేపు చూశాడు. చుక్కలు గుంపుగా ఒక మంచి పోగు చుట్టూ నిలబడ్డాయి. వాకిట్లో మూగిన వాడకట్టు గుర్తొచ్చింది.

"మనోడా, పరాయోడా అని వాటికి ఎట్ల తెలుస్తది సారు?"

"ఒంట్లో ప్రతి కణం తన మీద ఒక గుర్తు బయటికి పెట్టుకుని ఉంటుంది. ఇవి తిరుగుతూ తడిమి చూసుకుంటాయి. గుర్తు సరిగ్గా ఉంటే వదిలేసి పోవాలి. ఇక్కడ గుర్తు ఉన్నా తప్పు చదివాయి. ఎందుకు పొరబడ్డాయో మాకూ పూర్తిగా తెలియదు."

"తడిమి చూసి గూడ తప్పు చదివినయి అన్నట్టు," అన్నాడు వెంకట్రాములు. ఈరన్న తల ఇంకా అతని అరచేతుల్లోనే ఉంది. "మంచిగున్నదాన్ని పట్టుకుని దొంగ అన్నయి."

డాక్టరు గాజుపలక మార్చాడు.

జమ్ములమ్మ కన్ను ఆనించి చూసి లేచింది. "మరి వాటిని సంపేస్తరా సారు?"

"వద్దమ్మా. అవి లేకపోతే జలుబుకే మనిషి పోతాడు. వాటిని నెమ్మది చేసే మాత్రలిస్తాం. కాపలా కాస్త నిద్రపోతుంది కాబట్టి జ్వరం వస్తే మాత్రం వెంటనే రావాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు."

"సంపుడు లేదు, నెమ్మది చేసుడే," అంది జమ్ములమ్మ. ఎవరితో అందో గానీ, ఇద్దరు మగవాళ్ళూ నేల చూశారు.

*

మాత్రలు మొదలయ్యాక ఈరన్నకు ముందు వచ్చింది బలం కాదు, ఆకలి. ముఖం పొంగిన పూరీలా అయింది. "పట్నం నీళ్ళు పట్టినయి," అంది శాంతమ్మ, అని ఊరుకోకుండా గిన్నెతో జొన్న సంకటి తెచ్చి అరుగు మీద పెట్టి పోయింది. నీళ్ళు ముక్కులోంచి రావడం ఆగింది. ఒకరోజు ఈగ వాలితే చెయ్యి దానంతట అదే చెవి దాకా లేచింది. ఈగ పోయిందని కూడా చూసుకోకుండా ఈరన్న ఆ చేతిని అక్కడే ఉంచుకుని కూర్చున్నాడు.

మగ్గం శివకు పోలేదు. సగంలో ఆగిన చీరను వెంకట్రాములే దింపుతానన్నాడు. నాడె పట్టి ఎన్నేళ్ళయిందో. ఇస్త్రీ చొక్కా విప్పి బనీను మీద గుంతలో దిగాడు. పక్కన చెల్లెలు. ఈరన్న మంచం మీద నుంచి ఆ తమాషా చూశాడు.

"పేక వదులైతుంది బావా. పన్నె గట్టిగ కొట్టు."

"కొడ్తున్న కదా," అన్నాడు వెంకట్రాములు, పోగులను దగ్గరకు కొట్టే ఆ దువ్వెనలాంటి పన్నెను లాగుతూ.

"కొట్టుడు గాదది, జోకొట్టుడు."

జమ్ములమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగు బెత్తలు దిగేసరికి పట్టు అంచులో పోగు తెగింది. వెంకట్రాములు బూడిదలో వేలు అద్దాడు. కొసలు కలిపాడు. జారాయి. మళ్ళీ కలిపాడు. మళ్ళీ జారాయి. కళ్ళద్దాలు పైకి తోసుకుని, నాలుక కరుచుకుని మూడోసారి ప్రయత్నించాడు. పోగు వేలికి అంటుకుని వచ్చేసింది.

ఎదురింటి వాకిట్లో శాంతమ్మ కండెలు చుట్టడం ఆపింది.

ఈరన్న ఇన్నాళ్ళూ ఈ నిమిషం కోసమే బతికినట్టు ఉన్నాడు. నోట్లోకి ఆ మాట వచ్చింది కూడా. వాడకట్టు వింటోంది, గొంతు ఎత్తితే చాలు.

బావ వేళ్ళు చూశాడు. కణుపులు ఉబ్బాయి. వణుకుతున్నాయి. ఆ మనిషికీ తెలిసిపోయింది, మగ్గం దిగే కాలం ఎప్పుడో వచ్చి పోయిందని. వరండా పొడవునా తనను మోసిన వీపు చెమటతో తడిసి ఉంది.

"జరుగు," అన్నాడు ఈరన్న.

మంచం పట్టె పట్టుకుని లేచాడు. వచ్చి గుంత అంచున కూర్చుని కాళ్ళు దించాడు. వెంకట్రాములు ఇరుకుగా పక్కకు ఒదిగాడు. బొటనవేలు, చూపుడువేలు, ఒక్క దొర్లింపు. పోగు అతికింది.

"నీకు నరాల రోగమే ఉన్నట్టున్నది బావా," అన్నాడు మెల్లగా, అతనికి మాత్రమే వినబడేలా. "వనపర్తి పోదమా? నేను గూడ వస్త."

వెంకట్రాములు భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. "అంటవు లే. అను. నీకే చెల్లుతది."

సాయంత్రం జమ్ములమ్మ అలవాటుగా పాత చీర మెలేసి తెచ్చింది. ఈరన్న వద్దన్నాడు. అరచేతులు అంచున ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. తొడలు కదిలాయి, వణికాయి, మొరాయించాయి. అయినా ఎత్తాయి. ఒక మోకాలు గట్టు మీదికి వచ్చింది. తర్వాత రెండోది. తలుపు తెరిచే ఉంది. దాచడానికి ఇంకేం లేదు. వాడకట్టు చూసింది. శాంతమ్మ కూడా చూసింది.

జమ్ములమ్మ ఆ పాత చీరను విప్పి, దులిపి, ఎండకు ఆరేసింది. అది ఉతికింది కాదు, ఆరాల్సిన పనీ లేదు.

*

వారం తిరిగాక ఈరన్న ఒక్కడే ధరూరు దారి పట్టాడు. ఆటో అడిగితే వద్దని నడిచాడు. చేనిగట్టు అతని మోకాలంత ఎత్తు. పోయినేడు దాన్ని దాటలేక దారిలోనే నిలబడి చేను చూసి తిరిగిపోయేవాడు. ఇప్పుడు కుడికాలు పెట్టాడు. కాలూ ఎక్కింది, మనిషీ ఎక్కాడు.

పల్లి చేలో కలుపు తీస్తున్న అబ్రహాం నడుం ఎత్తాడు. "ఏమన్నా, చేను మీద మనసు పోతలేదా?"

"చేను కోసం రాలేదప్పా. గట్టు కోసం వచ్చిన."

అబ్రహాంకు అర్థం కాలేదు. బీడీ అందించాడు. డాక్టరు వద్దన్నాడని ఈరన్న తీసుకోలేదు. గట్టు మీదే నిలబడి గాలి పీల్చుకున్నాడు. పల్లి పూత మీద ఉంది. తను వేసినప్పుడు ఎన్నడూ ఇంత బాగా రాలేదు.

"సర్కారోళ్ళు కొలుస్తరంట. ఆ తుమ్మచెట్టు కాడి హద్దురాయి మునిగిపోయింది. నీదేడికి ఉండేనో, ఎంతనో జర చెప్పు అన్నా," అన్నాడు అబ్రహాం.

ఈరన్న కుడిచెయ్యి ఎత్తాడు. భుజం దాటి, చెవి దాటి, తల మీదికి నిటారుగా ఎత్తి తుమ్మచెట్టును చూపించాడు. చూపించడానికి అంత ఎత్తు అక్కర్లేదు.

"ఆడికెల్లి ఈ గట్టు దాక. ఎకరం ముప్పావు. అంతా నీదే."